చెరిపినా పోని అడుగు రాత: ప్యాలింప్‌సెస్ట్ అనే మాట గురించి

రాతి పలక మీద బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచి చూడండి. తడి ఉన్నంతసేపూ పలక నల్లగా, ఏమీ రాయనట్టే ఉంటుంది. కాసేపు ఆరనివ్వండి. ఇందాకటి అక్షరాలు తెల్లటి నీడల్లా మళ్ళీ తేలతాయి. వాటి మీదే ఎక్కం రాస్తే కింద పాత అక్షరం, పైన కొత్త అంకె, రెండూ ఒకే చోట కనిపిస్తాయి. మార్కాపురం పలకల కాలంలో పిల్లలు బొగ్గూ ఆకుపసరూ కలిపి పలకకు పట్టించింది ఈ నీడల బాధ పడలేకే.

ఈ స్థితికి ఇంగ్లిషులో ఒక మాట ఉంది: ప్యాలింప్‌సెస్ట్. ముందున్న రాతను చెరిపేసి, అదే పత్రం మీద మళ్ళీ రాయగా, అడుగున పాత రాత ఛాయ మిగిలి ఉన్న ప్రతి అని నిఘంటువు అర్థం. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో దొరికే సాహిత్య విమర్శ పుస్తకాల్లో ఇది తరచూ తగులుతుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు వ్యాసాల్లో వాడుతున్నారు. తెలుగు పుస్తక సమీక్షల్లోకి కూడా వచ్చేసింది. చిక్కల్లా ఏమిటంటే, చాలామంది దీన్ని ‘పొరలు పొరలుగా ఉన్నది’ అనే అర్థంలో వాడేస్తున్నారు. పూతరేకూ పొరలు పొరలుగానే ఉంటుంది. అది ప్యాలింప్‌సెస్ట్ కాదు. చెరపడం అనే పని జరగని చోట ఈ మాటకు చోటు లేదు.

మాట పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. గ్రీకులో ‘పాలిన్’ అంటే మళ్ళీ. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ‘వికటకవి’ లాంటి మాటలకు ఇంగ్లిషులో వాడే పాలిన్‌డ్రోమ్‌లో ఉన్నదీ ఈ ‘పాలిన్’ అనే ముక్కే. రెండో భాగం ‘ప్సెస్టోస్’, అంటే రాచినది, గీకి నున్నన చేసినది. కలిపితే ‘మళ్ళీ గీకినది’. చూశారా, ఇందులో ‘రాయడం’ అనే అర్థమే లేదు, ఉన్నది గీకడమే. గ్రీకు నుంచి లాటిన్‌కు వెళ్ళి, అక్కణ్ణుంచి 17వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం ‘ప్యా’ మీద పడాలి. మధ్యలో ఉన్న ‘ప్’ను మింగేయకూడదు.

రోమన్లకు ఇది గొప్ప మాటేం కాదు, పొదుపు మాట. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో సిసెరో తన స్నేహితుడు ట్రెబాటియస్‌కు రాసిన ఉత్తరంలో, చెరిపిన పత్రం మీద జాబు రాశావు, నీ పొదుపు మెచ్చుకోదగ్గదే, కానీ ఈ జాబు కోసం అంతకన్నా పనికిమాలినదేం చెరిపేశావో అని సరదాగా ఎత్తిపొడుస్తాడు. ఇవాళ ఆ మాట మోస్తున్న బరువు అంతా తర్వాత వచ్చి చేరింది. ఆ బరువు ఎక్కడిదో తెలియాలంటే తోలూ సిరా సంగతి తెలియాలి.

తోలు, మాచికాయ, అన్నభేది

మధ్యయుగపు ఐరోపాలో పుస్తకం అంటే పార్చ్‌మెంట్. దూడ, గొర్రె, మేక చర్మాన్ని సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి, ఆరబెట్టి పలచన చేసిన పత్రం అది. ఒక పెద్ద బైబిల్ రాయాలంటే కొన్ని వందల దూడల చర్మాలు కావాలి. అంత ఖరీదైన సరుకును, పుస్తకం పాతబడిందనో అందులో ఉన్న భాష ఎవరికీ రావడం లేదనో పారేయడానికి ఏ మఠానికీ మనసొప్పదు. పాత రాతను పాలతోనో నీళ్ళతోనో కడిగి, గట్టిగా పట్టుకున్న చోట నురుగురాయితో రాచి, మళ్ళీ వాడుకునేవాళ్ళు.

అయినా అడుగు రాత ఎందుకు మిగిలింది? దానికి కారణం సిరా. అప్పటి సిరాలో ముఖ్యమైనవి మూడే: మాచికాయ కషాయం, అన్నభేది, తుమ్మబంక. మూడూ మన మూలికల కొట్లలో ఇప్పటికీ దొరికే సరుకులే. కరక్కాయ కషాయంలో చిటికెడు అన్నభేది వేసినా నీళ్ళు నల్లగా తిరుగుతాయి, సూత్రం అదే. కాయలోని వగరు పదార్థమూ అన్నభేదిలోని ఇనుమూ కలిసి నలుపు పుడుతుంది. ఈ సిరా రాసినప్పుడు లేత రంగులో ఉండి, గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అది తోలు పైన ఆగిపోదు, పీచులోకి దిగి కరుస్తుంది. పైనున్న నలుపును కడగవచ్చు, రాచవచ్చు. లోపలికి దిగిన ఇనుము అక్కడే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది గోధుమరంగు ఛాయగా పైకి కనపడటం మొదలవుతుంది. మసితో చేసిన సిరా అలా కాదు. మసి పైపైన కూర్చుంటుంది, కడిగితే మొత్తం పోతుంది.

తెలుగులో ఈ అర్థానికి సొంత మాట ఎందుకు లేదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. మన పుస్తకం తాటాకు. దాని మీద గంటంతో గీసి, గీతల్లో దీపపు మసో ఆకుపసరో రుద్దేవాళ్ళు. అక్షరం ఆకు మీద ఉండదు, ఆకులోకి తెగి ఉంటుంది. దాన్ని గీకి తీయబోతే ఆకే పోతుంది. పైగా తాటాకు దొరకని ఊరు ఉండదు. ప్రతి పాతబడితే కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసుకోవడమే గానీ, పాత ఆకునే మళ్ళీ వాడుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. తాటాకు సంస్కృతిలో రచన నశిస్తే పూర్తిగా నశిస్తుంది, బతికితే నకలు రూపంలో బతుకుతుంది. చెరిపిన రచన చెరిపిన చోటే దాక్కుని బతకడం తోలు మీద అయ్యేపని, తాటాకు మీద కాదు.

మనకు దానికి దగ్గరగా వచ్చేవి రాగి శాసనాలు. రాగి రేకు ఖరీదు గనక, పాత దానశాసనాన్ని సుత్తితో కొట్టి చదును చేసి కొత్తది చెక్కిన సందర్భాలు భారతీయ శాసనాల్లో ఉన్నాయి. సుత్తి సరిగా పడని చోట పాత అక్షరాల గాళ్ళు మిగిలిపోతాయి. శాసన పరిశోధకులు వాటినీ ఈ పేరుతోనే పిలుస్తారు.

తోలు పుస్తకాల్లో అన్నిటికన్నా పేరుపొందింది ఆర్కిమెడీస్ ప్రతి. 10వ శతాబ్దంలో ఆయన గణిత రచనలకు రాసిన నకలు అది. 13వ శతాబ్దంలో ఒక పూజారి దాని కుట్లు విప్పి, రాత గీకి, ఒక్కో ఆకును అడ్డంగా తిప్పి, మధ్యకు మడిచి రెండు ఆకులుగా చేసి, ప్రార్థనల పుస్తకం రాసుకున్నాడు. ఆ పని 1229లో పూర్తయింది. అడ్డంగా తిప్పడం మన అదృష్టం. కొత్త వరసలు పాత వరసలకు అడ్డంగా నడిచాయి, అందువల్ల అడుగు రాత పూర్తిగా కప్పబడలేదు. 1906లో హైబెర్గ్ అనే డెన్మార్క్ పండితుడు భూతద్దంతో దాన్ని చదివి, అందులో ఉన్నది ఎవరి రచనో గుర్తుపట్టాడు. 1998లో ఆ పుస్తకం వేలంలో 20 లక్షల డాలర్లకు పోయింది. కొన్న వ్యక్తి దాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియానికి పరిశీలన కోసం ఇచ్చాడు. అల్ట్రావయొలెట్ కాంతి వేస్తే తోలు మెరుస్తుంది, సిరా పడిన చోటు మెరవదు, అక్షరం నల్లగా బయటపడుతుంది. కొన్ని పేజీల మీద 20వ శతాబ్దంలో ఎవరో బంగారు పూతతో దొంగ బొమ్మలు వేశారు. వాటి కింద ఈ పద్ధతి పనిచేయలేదు. అక్కడ ఎక్స్-కిరణాలు పంపి ఇనుము ఉన్న చోట్లను పట్టుకున్నారు. మాచికాయ సిరాలోని ఆ ఇనుమే వెయ్యేళ్ళ తర్వాత ఆర్కిమెడీస్‌ను పట్టిచ్చింది.

అంతకు ముందటి పండితుల పద్ధతి వేరు. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయ్, అగస్టీన్ వ్యాఖ్యానం కింద సిసెరో రాజనీతి గ్రంథాన్ని కనుగొన్నాడు. ఆ కాలంలో అడుగు రాతను పైకి తేవడానికి పేజీల మీద మాచికాయ రసం లాంటివి పూసేవాళ్ళు. రాత క్షణంలో నల్లగా లేస్తుంది. కానీ కొన్నేళ్ళకు ఆ పూత పేజీ మొత్తాన్ని మరకగా మార్చేస్తుంది. చదవాలన్న ఆత్రం చదవబోయేదాన్నే తినేసిన ఉదాహరణలు ఐరోపా గ్రంథాలయాల్లో తక్కువేమీ లేవు.

ఏది అవును, ఏది కాదు

మూడు సంగతులు చూడాలి. ఉపరితలం ఒకటే అయివుండాలి. పాతదాన్ని కావాలని తీసేసి ఉండాలి. తీసేసినా అది కొంత మిగిలి ఉండాలి. మూడింట్లో ఏది తప్పినా వేరే మాట వెతుక్కోవాలి.

గవర్నర్‌పేటలో సినిమా పోస్టర్ మీద పోస్టర్ అంటించిన గోడను తీసుకోండి. పై కాగితం చిరిగితే కింది హీరో కన్ను కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ప్యాలింప్‌సెస్ట్ కాదు, ఎందుకంటే ఎవరి కాగితం వాళ్ళదే. పక్కనే ఎన్నికల గోడరాత ఉందనుకోండి. కోడ్ రాగానే మున్సిపల్ సిబ్బంది దాని మీద సున్నం కొడతారు. సున్నం ఆరితే తెల్లగా కప్పేస్తుంది, వానకు తడిస్తే పలచబడి పారదర్శకం అవుతుంది. జూలైలో ఒక జల్లు పడగానే పాత పార్టీ గుర్తు, అభ్యర్థి పేరులో రెండు అక్షరాలు గోడలోంచి పైకి వస్తాయి. వాటి మీద అప్పటికే కోచింగ్ సెంటర్ ప్రకటన ఉంటుంది. ఇక్కడ గీకలేదు, కప్పారు. అయినా చెరపాలన్న ఉద్దేశం ఉంది, మిగులు ఉంది, మళ్ళీ రాత ఉంది. కొంచెం సాగదీస్తే ఈ మాట చెల్లుతుంది.

అమరావతి స్తూపం రాళ్ళ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకాల్లో ఒకదానికి రెండు ముఖాలున్నాయి. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు శిల్పం, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న జనం. రెండోవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దంలో చెక్కిన స్తూపం బొమ్మ. స్తూపాన్ని పెంచి కొత్తగా అలంకరించినప్పుడు పాత రాయిని వెనక్కి తిప్పి, నున్నగా ఉన్న వీపు మీద కొత్త శిల్పం చెక్కారు. ఈ ఫలకాన్ని ప్యాలింప్‌సెస్ట్ అనడం వినసొంపుగా ఉంటుంది. నిక్కచ్చిగా చూస్తే అది పాత పరీక్ష పేపరు వెనకవైపు లెక్కలు చేసుకోవడం లాంటిది. పాత శిల్పాన్ని ఎవరూ గీకలేదు, గోడలోపలికి తిప్పారంతే. అలా తిప్పినందువల్లే అది చెక్కుచెదరకుండా మిగిలింది. ఒక్క ఫలకాన్ని కాక స్తూపాన్ని మొత్తంగా, కొన్ని వందల ఏళ్ళ పాటు మార్చి మార్చి కట్టిన ఒకే కట్టడంగా చూస్తే మాత్రం ఆ మాటకు బలం వస్తుంది. ‘ఈ రాయి’ అంటున్నామా, ‘ఈ స్తూపం’ అంటున్నామా అన్నది వాక్యంలో తేలాలి.

బెజవాడ అనే పేరు ఇంకా చక్కటి ఉదాహరణ. బోర్డుల మీద విజయవాడ వచ్చి చాలాకాలమైంది. రైలు టికెట్ మీద స్టేషన్ కోడ్ చూడండి: బీజెడ్ఏ. పైన కొత్త పేరు, అడుగున చెరపగా మిగిలిన పాతపేరు, అదే చిన్న కాగితం మీద.

ఇద్దరు రచయితలు, రెండు వైపులు

ఆంజెలో మాయ్ లాంటివాళ్ళ ఆవిష్కరణలు 19వ శతాబ్దపు చదువరులను ఊపేశాయి. పోయిందనుకున్న సిసెరో ఎవరో భక్తుడి వ్యాఖ్యానం కింద దొరకడమంటే మాటలా! ఆ ఊపులోనే ఇంగ్లిషు రచయిత థామస్ డిక్విన్సీ 1845లో ఈ మాటను మనిషి మెదడుకు పట్టించాడు. రోజూ కొత్త తలపులు వెలుతురులా మెల్లగా పరుచుకుంటాయి, ప్రతిదీ ముందున్నదాన్ని పూడ్చేసినట్టే ఉంటుంది, నిజానికి ఒక్కటీ చెరగదు అన్నది ఆయన వాదం. నల్లమందు మత్తులోనో జ్వరంలోనో చావు అంచుల్లోనో అడుగు రాత మొత్తం ఒక్కసారి లేచి నిలబడుతుంది అంటాడు. ఆయన వాదంలో రసాయనశాస్త్రం కూడా ఉంది. పండితుడు పూసే మాచికాయ రసానికి మనసులో సమానమైనది ఏమిటని వెతుకుతున్నాడాయన. ప్యాలింప్‌సెస్ట్ సాహిత్యపదం అయింది అక్కడే.

తర్వాత ఈ మాట రెండు దారుల్లో వెళ్ళింది. ఆ రెండు దారులకూ ఇద్దరు రచయితలు చాలు. నెహ్రూ 1944లో అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసి, 1946లో అచ్చయిన పుస్తకంలో భారతదేశాన్ని ప్రాచీన ప్యాలింప్‌సెస్ట్‌తో పోల్చాడు. పొర మీద పొరగా ఆలోచనలు రాసుకుంటూ వచ్చినా ఏ పొరా ముందుదాన్ని పూర్తిగా దాచలేదు, చెరపలేదు అని. ఆయన చూపు మిగిలినదాని మీద. ఇంగ్లిషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1949లో వచ్చిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ నవలలో, చరిత్ర అంతా అవసరమైనన్నిసార్లు శుభ్రంగా గీకి తిరగరాసే ప్యాలింప్‌సెస్ట్ అన్నాడు. ఆయన చూపు గీకుడు మీద. ఆ నవలలోని ప్రభుత్వం అడుగున నీడ కూడా మిగలనివ్వదు. ఒకే మాట, ఒకరికి భరోసా, ఇంకొకరికి భయం.

అనువాదకుడికి పరీక్ష సరిగ్గా ఇక్కడే. ‘పునర్లిఖితం’ అన్నామంటే గీకుడూ పోయింది, మిగులూ పోయింది, మిగిలింది తిరగరాత ఒక్కటే. ‘బహుస్తరీయం’ అంటే పూతరేకు దగ్గరికే వచ్చాం. ‘చెరిపిరాత’ అనేది ఉన్నవాటిలో మెరుగు, చెరపడమూ రాయడమూ రెండూ అందులో ఉన్నాయి. అయినా మిగులు అందులో వినిపించదు. కాబట్టి ఒక్క మాటకు ఒక్క మాట పెట్టాలన్న పట్టుదల మానుకుని, రచయిత చూపు ఎటుందో చూసి వాక్యం కట్టడం మంచిది. ఆర్వెల్ దగ్గర ‘పలక తుడిచినట్టు చరిత్రను తుడిచి రాసుకోవడం’ అంటే చాలు, తెలుగు చదువరికి పని జరిగిపోతుంది. నెహ్రూ దగ్గర అదే పలక పెడితే అర్థం తలకిందులవుతుంది. అక్కడ ‘ఎందరు ఎన్నిసార్లు రాసినా అడుగు రాత పోని పాత ప్రతి’ అనాలి. వ్యాసంలో పదేపదే వచ్చే పారిభాషిక పదమైతే ప్యాలింప్‌సెస్ట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరిస్తే సరిపోతుంది. ఇంగ్లిషులో రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక: ఈ పోలిక పెట్టాక కింది రాత ఏమిటో, పై రాత ఏమిటో, ఎవరు గీకారో తర్వాతి రెండు మూడు వాక్యాల్లో చెప్పలేకపోతే, ఆ మాట కొట్టేయండి. ఊరికే ‘ఈ నగరం ఒక ప్యాలింప్‌సెస్ట్’ అని వదిలేసిన వ్యాసాలు దిద్దేవాళ్ళకు విసుగు తెప్పిస్తాయి.

1982లో ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ ఈ మాటనే తన పుస్తకానికి పేరుగా పెట్టి, పాత రచన మీద నిలబడే కొత్త రచనలన్నిటికీ దాన్ని విస్తరించాడు. ఒక కావ్యం చదువుతుంటే దాని అడుగున ఇంకో కావ్యం కనిపించడం అన్నమాట. మూల రచనను నిజంగా ఎవరూ గీకరు కాబట్టి ఈ వాడుక కొంచెం వదులైనదే. అయితే మన దగ్గర ఒక కావ్యం విషయంలో ఇది అచ్చంగా అతుకుతుంది. వినుకొండలో పుట్టి గుంటూరులో కన్నుమూసిన జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’ అది.

అడుగు రాత కాళిదాసు మేఘసందేశం. అక్కడ కుబేరుడి శాపానికి గురై ఊరికి దూరమైన యక్షుడు మేఘాన్ని దూతగా పంపుతాడు. ఇక్కడ సమాజం వెలివేసిన మనిషి గబ్బిలాన్ని పంపుతాడు. దూతను బతిమాలడం, దారి చెప్పడం, దారిలోని ఊళ్ళను వర్ణించడం, ఈ చట్రం అంతా కాళిదాసుదే, ఎక్కడా చెరగలేదు. గీకినదేమిటో చూడండి. విరహం పోయింది. సందేశం ప్రియురాలికి కాదు, శివుడికి. మేఘం శుభసూచకం, ఆషాఢంలో అందరూ ఎదురుచూసేది. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టమని తోలేసేది. యక్షుడి శాపానికి ఏడాది గడువుంది, అందులో ఇంకా నాలుగు నెలలే మిగిలాయని కబురు పంపుతాడు. జాషువా నాయకుడి శాపానికి గడువు లేదు, అది పుట్టుకతో వచ్చింది. గుడిలో వేలాడే గబ్బిలానికి శివుడి చెవి దగ్గరే, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పమంటాడు. గుడిలోకి రానివ్వని మనిషికి గుడిలో కాపురముండే జీవి దూత అవుతోంది. కింద మేఘం కనపడని పాఠకుడికి ఇది గొప్ప పద్యకావ్యం. కనపడిన పాఠకుడికి, ప్రతి పద్యంలో యక్షుడికి దక్కినదీ ఈ మనిషికి దక్కనిదీ పక్కపక్కనే నిలబడతాయి. కోపం అంతా ఆ రెండు రాతల మధ్యే ఉంది.

ఇంకో ఉదాహరణ పుస్తకం తెరవక ముందే, అట్ట మీదే ఉంది. విజయవాడలో అధ్యాపకుడిగా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ రామకథను ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’గా రాశారు. 1970 జ్ఞానపీఠం దానికే వచ్చింది. రామాయణ కథను ఖండిస్తూ రంగనాయకమ్మ రాసిన పుస్తకానికి పెట్టిన పేరు ‘రామాయణ విషవృక్షం’. వృక్షాన్ని ఆమె ముట్టుకోలేదు. రెండక్షరాలు గీకి, ఆ జాగాలోనే రెండక్షరాలు రాశారు. ‘విష’ అని చదివే ప్రతి తెలుగువాడికీ కింద ‘కల్ప’ వినపడుతూనే ఉంటుంది.